రాజు పక్కన రాణియా, మంత్రియా? – మార్సెల్ డ్యూషాం నైరూప్య చిత్రంలో చదరంగపు పావుల ప్రతీకాత్మకత

వ్యాససంగ్రహం:
ఫ్రెంచి చిత్రకారుడు మార్సెల్ డ్యూషాం (1887–1968) చదరంగపు పావులను ఆధారం చేసుకొని 1912 మే నెలలో ఒక నైరూప్య చిత్రాన్ని రచించాడు. 'వేగనగ్నులు చుట్టుముట్టిన రాజు, రాణి' అనేది దాని శీర్షికకు తెలుగు రూపం. చిత్రంలో పావుల ఆకారాలు పోల్చుకోవడానికి వీలుగా లేవు. అవి పావులని చెప్పే ఆధారం ప్రధానంగా శీర్షికే. యూరపు చదరంగంలో రాణిగా ఉన్న పావు తెలుగు చదరంగంలో మంత్రి. ఈ ఒక్క పేరు మారితే చిత్రంలోని ఇద్దరి మధ్య సంబంధం మారిపోతుంది. చిత్ర నేపథ్యాన్ని, పావుల రూపచరిత్రను, ఫ్రెంచి, తెలుగు పదాల వాడుకను పరిశీలించి, ఈ శీర్షికను తెలుగులో ఎలా గ్రహించాలో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: చదరంగం, నైరూప్య చిత్రకళ, ప్రతీక, మార్సెల్ డ్యూషాం, శీర్షికానువాదం, మంత్రి, రాణి.

1. ఉపోద్ఘాతం

తెలుగువారి మాటల్లో చదరంగం ఆడనివారి నోట కూడా వినిపిస్తుంది. రాజకీయ నాయకులు పావులు కదుపుతారు. ప్రత్యర్థి ఎత్తుకు పైఎత్తు వేస్తారు. చివరికి ఎవరో ఒకరి ఆట కడుతుంది. ఈ పలుకుబళ్లలో పావు ఒక వస్తువు కాదు, ఒక భావం. అంటే చదరంగపు పావు ప్రతీకగా మారడం చిత్రకారుల కంటే ముందే భాషలో జరిగిపోయింది. ఆ ప్రతీకను చిత్రకారుడు చేపట్టినప్పుడు ఏం జరుగుతుందనేది ఇక్కడ ప్రశ్న.

ఈ ప్రశ్నకు నైరూప్య చిత్రకళలో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. సాదృశ్య చిత్రంలో గుర్రాన్ని చూసి గుర్రమని చెప్పవచ్చు. నైరూప్య చిత్రంలో వస్తువు కరిగిపోతుంది. ప్రతీక మాత్రం ఏదో ఒక వస్తువును ఆశ్రయించక నిలవదు. ఈ రెంటినీ కలిపే చిత్రకారుడు ప్రేక్షకుడి చేతికి ఒక తాళంచెవి ఇవ్వవలసి ఉంటుంది. కొందరికి ఆ తాళంచెవి సంప్రదాయం నుండి లభిస్తుంది. కరీంనగర్ ప్రాంతపు అన్నారంలో పుట్టి హైదరాబాదులో స్థిరపడిన పి.టి.రెడ్డి (1915–1996) తాంత్రిక చిత్రాలనే తీసుకుంటే, వాటిలోని త్రికోణాలు, వృత్తాలు ఏ శీర్షికా లేకపోయినా భారతీయ ప్రేక్షకుడికి కొంత చెప్పగలవు. ఆ రూపాలకు అర్థాన్ని ఇచ్చిన ఆరాధనా సంప్రదాయం చిత్రం వెలుపల సిద్ధంగా ఉంది. చదరంగపు పావుకు అటువంటి అండ లేదు. అందువల్ల డ్యూషాం తాళంచెవిని శీర్షికలో పెట్టాడు. శీర్షిక భాష మారితే తాళంచెవి పళ్లు కూడా మారతాయి. తెలుగులో పాశ్చాత్య కళా విమర్శ రాసేవారు, లలితకళల విద్యార్థులకు పాఠం చెప్పేవారు ఈ చిక్కును ఎదుర్కోక తప్పదు.

2. ఆట నుండి పావుకు

డ్యూషాం ఇంట చదరంగం కుటుంబ వ్యాపకం. నార్మండీలోని బ్లేన్‌విల్‌లో పుట్టిన అతనికి బాల్యంలోనే అన్నల వల్ల ఆట అబ్బింది. పెద్దన్న ఝాక్ వియోఁ చిత్రకారుడు. రెండవ అన్న రేమోఁ డ్యూషాం–వియోఁ శిల్పి. పారిస్ శివారు ప్యుతోలో అన్నల ఇంటి తోటలో ఆదివారాలు చిత్రకారులు, కవులు కూడేవారు. 1910లో రచించిన 'చదరంగపు ఆట' అనే చిత్రంలో ఆ తోటే కనిపిస్తుంది. అన్నలిద్దరూ ఆటలో మునిగి ఉంటారు, వారి భార్యలు ఆట పట్టకుండా తమ లోకంలో ఉంటారు. సెజాన్ ప్రభావం స్పష్టంగా ఉన్న ఈ చిత్రంలో చదరంగం ఒక కుటుంబ దృశ్యంలో భాగం మాత్రమే.

1911 డిసెంబరు నాటి 'చదరంగ క్రీడాకారుల చిత్తరువు'కు వచ్చేసరికి తోట లేదు, భార్యలు లేరు. ఉన్నవి రెండు ముఖాలు, పలు కోణాల నుండి ఒకేసారి చూసినట్లు ముక్కలైన పార్శ్వాలు, వాటి మధ్య తేలుతున్న పావులు. ఇది ఘనవాద పద్ధతి. రంగుల తీవ్రతను తగ్గించడానికి డ్యూషాం దీనిని గ్యాసుదీపపు వెలుతురులో చిత్రించాడు. అందుకే చిత్రమంతటా మట్టిరంగు, బూడిదరంగు పరచుకొని ఉంటాయి. ఇక్కడ చదరంగం బల్ల మీద లేదు, ఆటగాళ్ల తలలలో ఉంది. ఎత్తు వేయక ముందు మనసులో జరిగే ఆటను చూపడమే ఆ చిత్రం ఉద్దేశం.

ఐదు నెలల తరువాత మూడవ మెట్టు. ఇక్కడ ఆటగాళ్లు కూడా తొలగిపోయారు. మిగిలినవి పావులే, అందులోనూ రెండే పావులు. 1910 నుండి 1912 వరకు జరిగిన ఈ ప్రయాణాన్ని పారిస్‌లో నాడు వీచిన గాలుల పేర్లతోనే వివరించడం కళాచరిత్ర గ్రంథాలలో పరిపాటి. ఘనవాదం, ఎత్యెన్ ఝూల్ మారే చలన ఛాయాచిత్రాలు, 1912 ఫిబ్రవరిలో ఇటలీ భవిష్యత్‌వాదులు పారిస్‌లో జరిపిన ప్రదర్శన వంటివన్నీ అందులో చేరతాయి. వాటి పాత్ర కాదనలేనిది. కానీ ఆ మూడు చిత్రాలను వరుసగా చూస్తే మరొక క్రమం కూడా తెలుస్తుంది. మొదట కుటుంబం, తరువాత ఆటగాళ్ల మనసులు, చివరికి పావులు. చదరంగం ఆడేవాడి ఏకాగ్రత ముదిరేకొద్దీ పరిసరాలు ఇదే వరుసలో మాయమవుతాయి. ఆ క్రమాన్ని వాదాల పేర్లతో మాత్రమే వివరించడం చాలదు.

3. చిత్రం

'ల ర్వా ఎ లా రెన్ ఆంతూరె ద న్యూ వీత్' అనేది ఫ్రెంచి శీర్షిక. కాన్వాసుపై తైలవర్ణం. ఎత్తు 114.6, వెడల్పు 128.9 సెంటీమీటర్లు. ప్రస్తుతం అమెరికాలోని ఫిలడెల్ఫియా కళా మ్యూజియంలో ఉంది. లూయీస్, వాల్టర్ ఆరెన్స్‌బర్గ్ దంపతుల సేకరణలో భాగంగా 1950లో ఆ సంస్థకు చేరింది.

గోధుమ, పసుపుమట్టి, ముదురు మట్టి వర్ణాలే చిత్రమంతా. రెండు పెద్ద రాశులు నిలువుగా నిలబడి ఉంటాయి. రేకులను, కవచపు ముక్కలను, యంత్రభాగాలను ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న రాశులవి. వాటి మధ్యగా, చుట్టుపక్కలుగా చిన్న చిన్న పలకలు ధారగా సాగిపోతున్నట్లు తోస్తుంది. కిరీటం లేదు. ముఖం లేదు. గళ్ల బల్ల లేదు. శీర్షిక చదవని ప్రేక్షకుడు దీనిలో చదరంగాన్ని ఊహించలేడు. కర్మాగారమనో, కూలిన కట్టడమనో అనుకోవడానికే ఎక్కువ అవకాశం ఉంది.

ఈ చిత్రానికి ముందు 1912 మార్చి, ఏప్రిల్ నెలలలో డ్యూషాం కొన్ని సన్నాహక చిత్రాలు వేశాడు. వాటి పేర్లను గమనించడం అవసరం. మొదటిది పెన్సిలు చిత్రం, 'ఇద్దరు నగ్నులు: ఒకరు బలిష్ఠం, ఒకరు వేగం'. ఇందులో రాజు, రాణి లేరు. తరువాతి పెన్సిలు చిత్రం 'వేగనగ్నులు ఛేదించుకొని సాగిన రాజు, రాణి'. నీటిరంగుల్లో వేసిన మరొకదాని పేరు 'మహావేగంతో నగ్నులు ఛేదించుకొని సాగిన రాజు, రాణి'. తైలవర్ణ చిత్రంలో మాత్రం ఛేదించడం పోయి చుట్టుముట్టడం వచ్చింది.

క్రియ మారడం చిన్న విషయం కాదు. ఛేదించుకొని సాగడం ఒక గీత వెంట జరిగే పని. చదరంగంలో ఏనుగు నిలువుగా, అడ్డంగా వెళ్తుంది. శకటు ఏటవాలుగా వెళ్తుంది. దారిలో రాజు ఉంటే ఆ గీత రాజుకు ప్రమాదం. చుట్టుముట్టడం వేరు. అది ఒక్క గీత పని కాదు, అన్ని వైపుల గళ్లూ మూసుకుపోవడం. రాజుకు ఆట కట్టడమంటే అదే. డ్యూషాం ఈ సామ్యాన్ని ఎక్కడా విడమరచి చెప్పలేదు. రాజు, రాణి అనే మాటలు చదరంగం నుండి వచ్చినవేనని, అన్నల స్థానాన్ని ఆ పావులు తీసుకున్నాయని, నగ్నులు మాత్రం చలనంపై తనకున్న ఆసక్తి కొద్దీ చేర్చినవని తరువాతి కాలంలో వివరించాడు. కదలని రెండు సత్తల చుట్టూ కదిలే సత్తలు అన్నదే చిత్ర నిర్మాణం.

ఇక్కడే ఒక వింత ఉంది. చదరంగంలో రాజు మందగామి, ఒక్క గడికి మించి నడవలేడు. కానీ రాణి బల్ల మీద అన్నిటికంటే వేగంగా, దూరంగా పోగల పావు. ఆ సంగతి తెలిసిన డ్యూషాం ఆమెను రాజు పక్కన కదలకుండా నిలబెట్టి, వేగాన్ని పావులే కాని నగ్నులకు ఇచ్చాడు. పావు శక్తిని దాని నుండి వేరుచేసి పక్కన చూపడం ఈ చిత్రంలోని అసలైన నైరూప్యత అని చెప్పవచ్చు. ఆకారాన్ని ముక్కలు చేయడం నాటి ఘనవాదులందరూ చేస్తున్న పనే.

4. పావు పుట్టుకతోనే నైరూప్యం

చదరంగపు పావుల ఆకారాల చరిత్ర తెలిస్తే, ఆకారాన్ని వదిలివేయడం డ్యూషాంకు అంత కష్టమైన పని కాదని అర్థమవుతుంది. భారతదేశంలో చతురంగంగా పుట్టి, పర్షియా మీదుగా అరబ్బు దేశాలకు చేరిన ఆటలో పావులు క్రమంగా బొమ్మ రూపాన్ని వదులుకున్నాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న 12వ శతాబ్దపు నిషాపూర్ పావులలో రాజు, మంత్రి సింహాసనాన్ని తలపించే దిమ్మలు. ఏనుగుకు మిగిలింది రెండు దంతాలను సూచించే రెండు మొనలు మాత్రమే. ఆ రెండు మొనల పావు యూరపు చేరినప్పుడు అక్కడివారికి అందులో ఏనుగు కనిపించలేదు. ఇంగ్లండులో అది బిషప్ అయింది. ఫ్రాన్సులో విదూషకుడు, అంటే 'ఫూ' అయింది. ఒకే దిమ్మ, మూడు దేశాల్లో మూడు పాత్రలు. తెలుగువారు ఆ గడిలోని పావును శకటు అంటారు, ఏనుగును మూలగడిలో నిలబెడతారు. ఆకారం ఏమీ చెప్పకపోతే పేరే అంతా చెబుతుందనడానికి ఇంతకంటే మంచి నిదర్శనం దొరకదు.

తెలుగునాట కూడా నైరూప్యమైన పావులు తయారయ్యాయి. 18, 19 శతాబ్దాలలో విశాఖపట్నం దంతపు పనికి పెట్టింది పేరు. దంతం, కొమ్ము, గంధపుచెక్కలతో ఆటబల్లలు, పెట్టెలు, చదరంగపు పావులు చేసి అక్కడి పనివారు ఇంగ్లీషు దొరలకు అమ్మేవారు. తరిమెన పట్టిన దంతంలో ముఖాలు చెక్కడం కష్టం, అంచెలంచెలుగా గుండ్రని వలయాలు తీయడం సులువు. అందుచేత రాజుకు, మంత్రికి తేడా ఎత్తులోను, వలయాల సంఖ్యలోను మాత్రమే ఉండేది. డ్యూషాం కాలపు పారిస్ కాఫీశాలల్లో వాడుకలో ఉన్న రీజెన్సీ పావులు కూడా ఇటువంటి తరిమెన పావులే. అతని వేళ్లకు అలవాటైన రాణికి ముఖం లేదు, నడుము లేదు, చీరో గౌనో లేదు.

నేడు ప్రపంచమంతటా పోటీలలో వాడేవి 1849లో లండన్‌లో నెథేనియల్ కుక్ పేరిట నమోదైన స్టాంటన్ పావులు. వీటిలో రాజు తలపై శిలువ, రాణి తలపై మొనల మకుటం ఉంటాయి. తెలుగు పిల్లవాడు ఆ మకుటమున్న పావును చేతిలోకి తీసుకొని మంత్రి అంటాడు. పేరూ ఆకారమూ ఒకదాన్నొకటి పట్టించుకోకుండా ఒకే పావులో కాపురం చేస్తున్నాయి.

1923–24లో జర్మనీలోని బౌహౌస్ విద్యాలయంలో యోసెఫ్ హార్ట్‌విగ్ రూపొందించిన పావులను ఇక్కడ పోల్చి చూడాలి. అతడు పాత్రలను పూర్తిగా వదిలిపెట్టి నడకలనే ఆకారాలుగా మలిచాడు. ఏటవాలుగా నడిచేది ఇంటూ గుర్తు ఆకారంలో ఉంటుంది, గుర్రం లంబకోణంగా అమరిన దిమ్మె, రాణి ఘనంపై గోళం. పావు పేరు తెలియకపోయినా దాని నడక తెలుస్తుంది. డ్యూషాం దీనికి సరిగ్గా ఎదురుదిశలో వెళ్లాడు. నడకను తీసేశాడు, ఆకారాన్ని తీసేశాడు, పేరును మాత్రం ఉంచాడు.

5. మంత్రి రాణి అయిన కథ

ఆ పేరు చరిత్ర చూడవలసి ఉంది. సంస్కృత చతురంగంలో రాజు పక్కనున్నది మంత్రి. పర్షియనులకు అది ఫర్జీన్, అరబ్బులకు ఫిర్జాన్. ఆ పావు నడక ఏటవాలుగా ఒక్క గడి మాత్రమే. యూరపులో క్రీ.శ. 1000 ప్రాంతంలో, స్విట్జర్లాండులోని ఐన్‌సీడెల్న్ మఠంలో లభించిన లాటిన్ పద్యంలో ఈ పావు రాణిగా కనిపిస్తుంది. 15వ శతాబ్దం చివరలో స్పెయిన్, ఇటలీ ప్రాంతాల్లో రాణికి నేటి నడక, అంటే ఎనిమిది దిక్కులా ఎంత దూరమైనా పోగల శక్తి వచ్చింది. ఆ నడక తిరిగి భారతదేశానికి చేరింది. పేరు చేరలేదు. నేటి తెలుగు మంత్రి పాత పేరుతో కొత్త నడక నడుస్తోంది.

బంటు ఎనిమిదవ వరుస చేరితే మంత్రి కావడం తెలుగువారికి సహజంగానే తోస్తుంది. సేవకుడు పదోన్నతి పొందాడు, అంతే. మధ్యయుగ యూరపులో మాత్రం ఇది చిక్కు తెచ్చింది. కాలిబంటు స్త్రీగా మారడమేమిటి? మొదటి రాణి బతికి ఉండగా రాజుకు రెండవ రాణి ఏమిటి? నీతివాదులు దీనిపై చాలా తల పట్టుకున్నారు.

మంత్రి స్థానంలో రాణి రావడాన్ని ఒక భారతీయ కళాకారుడు ప్రతీకగా వాడుకున్న సందర్భం ప్రసిద్ధం. ప్రేమ్‌చంద్ 1924లో రాసిన కథ ఆధారంగా సత్యజిత్ రాయ్ 1977లో తీసిన 'శతరంజ్ కే ఖిలాడీ' చిత్రంలో, 1856 నాటి లక్నో నవాబులకు ఇంగ్లీషు పద్ధతి చదరంగం పరిచయమవుతుంది. అందులో వజీరు ఉండదు, రాణి ఉంటుంది. అవధ్‌ను ఈస్టిండియా కంపెనీ కలుపుకుంటున్న రోజులవి, ఇంగ్లండు సింహాసనంపై ఉన్నది విక్టోరియా. పావు పేరు మారడమే రాజ్యం చేతులు మారడానికి ప్రతీక అయింది. రాయ్ చిత్రం చెప్పే విషయం మంత్రి, రాణి అనే రెండు పేర్ల తేడాలోనే ఉంది. ఆ తేడాను గమనించకుండా అనువదిస్తే ఆ సన్నివేశానికి అర్థమే ఉండదు.

తెలుగులో మంత్రి అనే మాట వెంట వచ్చే సాహిత్య స్మృతులు కూడా తక్కువవి కావు. వేదం వేంకటరాయశాస్త్రి 'ప్రతాపరుద్రీయ' నాటకంలో (1897) ఢిల్లీకి బందీగా వెళ్లిన రాజును విడిపించేది మంత్రి యుగంధరుడు. రాజు చిక్కుపడి కదలలేనప్పుడు బల్లంతా తిరిగేది అతడే. కృష్ణదేవరాయలు అప్పాజీ అని పిలుచుకున్న తిమ్మరుసు కథ మరొక కోణం. రాజును నిలబెట్టిన మంత్రి చివరకు ఆ రాజు అనుమానానికే బలి కావడం ఆ కథలోని విషాదం. 'మహామంత్రి తిమ్మరుసు' (1962) చలనచిత్రం దాన్ని ఇంటింటికీ చేర్చింది. రాజు, మంత్రి అన్న జంట పదాలు వినగానే తెలుగు పాఠకుడికి తోచేది బుద్ధి, అధికారం, విశ్వాసం, ద్రోహం. దాంపత్యం కాదు.

6. శీర్షికను తెలుగు చేయడం

ఈ నేపథ్యంలో డ్యూషాం శీర్షికను తెలుగు చేయబోయే వ్యక్తికి రెండు దారులు కనిపిస్తాయి. చదరంగపు పావు కాబట్టి తెలుగు చదరంగ పరిభాషను అనుసరించి 'రాజు, మంత్రి' అనడం ఒకటి. ఫ్రెంచి మాటకు నేరుగా సమానమైన 'రాజు, రాణి' అనడం మరొకటి. పరిభాషా శాస్త్రం దృష్టితో మొదటిదే సరైనదిగా తోస్తుంది. ఒక ఆటను ఒక భాష నుండి మరొక భాషకు తెచ్చేటప్పుడు ఆ భాషలోని ఆటగాళ్ల మాటనే వాడాలి కదా.

అయితే ఫ్రెంచి చదరంగంలో ఈ పావు పేరు 'రెన్' కాదు, 'దామ్'. దామ్ అంటే దొరసాని అని స్థూలంగా చెప్పవచ్చు. ఎత్తులు నమోదు చేసేటప్పుడు ఫ్రెంచివారు రాసే సంక్షేపాక్షరం కూడా దానిదే. రెన్ అన్నా అర్థం కాకపోదు, కానీ అది క్రీడాకారుల పారిభాషిక పదం కాదు. ఆటలో తలమునకలైన డ్యూషాంకు ఈ భేదం తెలియకుండా ఉండదు. అయినా అతడు తన శీర్షికలో దామ్ అనలేదు, రెన్ అన్నాడు. పావును పావుగానే చూపదలచుకుంటే పావు పేరు రాసేవాడు. ఆ మాటను సగం బల్ల మీద, సగం బల్ల వెలుపల నిలబెట్టడం అతని ఉద్దేశమని భావించడానికి ఇదే బలమైన ఆధారం. చదరంగపు పావు, సింహాసనంపై కూర్చున్న స్త్రీ, రాజుకు జంట అనే మూడర్థాలూ రెన్‌లో కలిసి ఉన్నాయి. తెలుగు 'మంత్రి'లో మొదటిది మాత్రమే మిగులుతుంది, చివరి రెండూ పోతాయి. పైగా యుగంధరుడు, తిమ్మరుసు పిలవని పేరంటంగా వస్తారు.

'రాణి' అన్నప్పటికీ ఇబ్బంది పూర్తిగా తీరదు. తెలుగులో రాజు, రాణి అని కలిపి అనగానే మొదట గుర్తుకు వచ్చేది పేకాట. పేకముక్కల్లో రాణి ఉంది, చదరంగంలో లేదు. రెండుసార్లు, 2019లోను, 2024లోను, ప్రపంచ మహిళా ర్యాపిడ్ టైటిల్ గెలుచుకున్న గుడివాడ బిడ్డ కోనేరు హంపిని చదరంగ రాణి అని పత్రికలు మెచ్చుకోవడం పరిపాటే. ఆ పొగడ్తలోని రాణి పావు కాదు, పట్టపురాణి. ఇంగ్లీషు వ్యాఖ్యానాలు వింటూ పెరుగుతున్న నేటి బాలక్రీడాకారులు రాణి, క్వీన్ అనే మాటలను మంత్రికి పర్యాయంగా వాడుతున్న మాట నిజమే. ఆ వాడుక స్థిరపడే వరకు, శీర్షికలో 'రాణి'ని ఉంచి, ఆ పావును తెలుగులో మంత్రి అంటారన్న వివరణ చేర్చడమే ఉచితం. 'చదరంగపు రాజు, రాణి' అని విశేషణం తగిలించడం మాత్రం తగదు. డ్యూషాం దాచినదాన్ని అనువాదకుడు బయటపెట్టినట్లవుతుంది.

శీర్షికలోని మిగిలిన మాటల విషయంలో తెలుగు వ్యాకరణం ఒకచోట ఆదుకుంటుంది, మరొకచోట మొండికేస్తుంది. ఫ్రెంచి కళాపరిభాషలో 'న్యూ' అన్నది నగ్నచిత్రమనే ప్రక్రియకు పేరు, చిత్రంలో ఉన్నది స్త్రీయా పురుషుడా అన్నది ఆ మాట చెప్పదు. తెలుగు బహువచనంలో మహద్వాచకం స్త్రీ పురుషులిద్దరికీ చెల్లుతుంది కనుక 'నగ్నులు' అన్న మాట ఆ అస్పష్టతను చక్కగా కాపాడుతుంది. ఏకవచనానికి వచ్చేసరికి అలా కుదరదు. అదే ఏడాది జనవరిలో డ్యూషాం వేసిన ప్రసిద్ధ చిత్రం 'మెట్లు దిగుతున్న నగ్నం'. దానిని నగ్న అంటే స్త్రీ, నగ్నుడు అంటే పురుషుడు. రెంటినీ తప్పించుకోవాలంటే నపుంసకంలో 'నగ్నం' అనవలసి వస్తుంది.

'వీత్' మరింత చమత్కారమైన మాట. ఫ్రెంచిలో అది సాధారణంగా క్రియావిశేషణం, 'వేగంగా' అని అర్థం. దాన్ని నామవాచకానికి విశేషణంగా తగిలించడం నాటి క్రీడావార్తల శైలి. బాగా పరుగెత్తేవాణ్ణి అలా వర్ణించేవారు. ఆ పత్రికాభాష తనకు సరదాగా తోచిందని డ్యూషాం తరువాత ఒక సంభాషణలో చెప్పాడు. రాజు, రాణి వంటి గంభీరమైన మాటల పక్కన పరుగుపందెపు మాటను పెట్టడంలో హాస్యం ఉంది. 'త్వరితగాములైన నగ్నులు' అంటే ఆ హాస్యం ప్రబంధభాషలో మునిగిపోతుంది. 'వేగనగ్నులు' అనే సమాసం కొంత కృతకంగా వినిపించినా ఆ కృతకత్వమే ఇక్కడ అవసరం.

7. కాన్వాసు వెనుక

రాణి అన్న మాటను జంట అన్న అర్థంలో తీసుకోవడానికి చిత్రం భౌతికంగా ఒక ఆధారాన్ని కూడా ఇస్తుంది. డ్యూషాం ఈ చిత్రాన్ని కొత్త కాన్వాసుపై వేయలేదు. 1910–11 శీతకాలంలో తాను వేసిన 'స్వర్గం' అనే చిత్రపు వెనుకభాగంపై వేశాడు. ఆ పాత చిత్రంలోని వస్తువు ఆదాము, హవ్వ, అంటే నగ్నంగా ఉన్న ఒక పురుషుడు, ఒక స్త్రీ. ఒకే గుడ్డకు ఒకవైపు నగ్నులైన జంట, మరొకవైపు నగ్నులు చుట్టుముట్టిన జంట. ఇది ఖర్చు తగ్గించుకోవడానికి చేసిన పనే కావచ్చు. అయినా ఇటువైపు జంటలో రెండవవారిని మంత్రిగా చదివితే అటువైపు జంటతో ఉన్న అనుబంధం తెగిపోతుంది. కాలక్రమంలో చిత్రం పగుళ్లిచ్చి, డ్యూషాం చిత్రాలలో ఎక్కువగా చెడినదాన్లలో ఒకటిగా మిగిలింది.

1913లో న్యూయార్క్‌లో జరిగిన ఆర్మరీ ప్రదర్శనలో డ్యూషాం చిత్రాలు నాలుగు ఉన్నాయి. మెట్లు దిగుతున్న నగ్నం మీద పత్రికలు విరుచుకుపడ్డాయి. ఆ గోలలో రాజు, రాణి చిత్రాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. దానిని, చదరంగ క్రీడాకారుల చిత్తరువును షికాగో న్యాయవాది ఆర్థర్ జెరోమ్ ఎడ్డీ కొన్నాడు. కొన్నేళ్లకే డ్యూషాం చిత్రలేఖనాన్ని దాదాపు విడిచి ఆటలో పడ్డాడు. 1928 నుండి 1933 వరకు జరిగిన ఒలింపియాడ్లలో ఫ్రాన్సు జట్టు తరపున ఆడాడు. చిత్రకారుడి జీవితంలో ఇది పక్కదారి అని విమర్శకులు అంటారు. అతని 1910–12 చిత్రాల వరుసను బట్టి చూస్తే అది పక్కదారిలా కనిపించదు.

1932లో విటాలీ హల్బర్‌స్టాట్‌తో కలిసి డ్యూషాం ఒక చదరంగ గ్రంథం ప్రచురించాడు. పెద్ద పావులన్నీ బల్ల దిగిపోయి, రెండు రాజులు, కొన్ని బంట్లు మాత్రమే మిగిలిన అరుదైన స్థితులే అందులోని విషయం. ఒక గడి ఎడంలో ఎదురెదురుగా నిలిచిన రాజులలో ముందు కదలవలసిన రాజు నష్టపోతుంది. దీనినే ఆటగాళ్లు అపోజిషన్ అంటారు. కదలకపోవడమే బలం, కదలడమే ఓటమి. 1912లో నిశ్చలంగా నిలబెట్టిన పావులలో రాజును డ్యూషాం ఇరవై ఏళ్ల తరువాత కూడా వదలలేదు. రాణి మాత్రం ఆ స్థితులలో లేదు.

అటువంటి స్థితి 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో లోకమంతా చూస్తుండగా బల్ల మీదికి వచ్చింది. ప్రపంచ చాంపియన్‌షిప్ పద్నాలుగవ ఆట అది. మంత్రులు చాలా ముందే పోయాయి. డింగ్ లిరెన్ ఏనుగును రెండవ వరుసకు జరిపి పొరపాటు చేయగానే, చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందిన పద్దెనిమిదేళ్ల గుకేశ్ ఏనుగులను, వెంటనే శకటులను మార్పిడి చేసేశాడు. మిగిలినవి రెండు రాజులు, మూడు నాలుగు బంట్లు. తెల్లరాజు ఇ3 గడిలో, నల్లరాజు ఇ5 గడిలో ఉండగా, కదలవలసిన వంతు తెలుపుకు వచ్చింది. డింగ్ ఆ ఎత్తు వేయకుండానే ఓటమిని అంగీకరించాడు.